చేతి మీద మాత్ర పేరు

మా ఇంట్లో ఏదీ పారేయనివ్వను. చినిగిన చీర బొంతవుతుంది, బొంత చినిగితే మసిగుడ్డవుతుంది. అట్లాగే పెద్దోడికి రక్తవిరేచనాలు పట్టినప్పుడు నార్కట్‌పల్లి కాంపౌండరు ఇచ్చిన తెల్ల మాత్రలు మిగిలితే, కాగితంలో చుట్టి ఉప్పు కుండ వెనక దాచాను. మరుసటేడు నా ఏడేళ్ల బిడ్డకు అదే రోగం వచ్చింది. నార్కట్‌పల్లి దాకా పోవడమెందుకని వాటినే విరిచి సగం సగం పది రోజులు మింగించాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

పదకొండో రోజు జ్వరం వచ్చింది. పెదవులు పుండ్లయ్యాయి. ముఖం మీద, రొమ్ము మీద ఎర్ర మచ్చలు లేచి బొబ్బలయ్యాయి. మా అత్త చూసి చేతులు జోడించింది.

"అమ్మ పోసింది. మందూ మాకూ అనకు, తల్లి అలుగుతది."

గడపకు వేపమండలు కట్టింది, పిల్లను వేపాకు మీద పడుకోబెట్టింది. నేనూ నమ్మాను. అయినా విరేచనాలు తిరగబెడతాయేమోనని అత్తకు తెలియకుండా ఇంకో సగం మాత్ర వేశాను. ఇప్పటికీ ఆ సగమే నన్ను పొడుస్తుంది.

మూడో రోజు పొద్దెక్కాక పిల్ల, "అమ్మా, ఇంకా తెల్లారలేదా?" అని అడిగింది. దాని మంచం మీద ఎండ పడి ఉంది. రెండు కండ్లూ పుసిపట్టి అతుక్కుపోయాయి.

చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. ముఖం మీద గుంటలు ఇంకా ఉన్నాయి. ఆ పొక్కు గట్టిగా, తోలు కింద పెసరగింజ పెట్టినట్టు ఉంటుంది. పిల్ల మెడ తడిగుడ్డతో తుడవబోతే తోలు ఉడికిన చామగడ్డ పొట్టులా నా చేతికి వచ్చింది.

"అత్తా, ఇది అమ్మ కాదు. బండి కట్టమను."

"నీకేం ఎరుకనే? తల్లికి కోపమొస్తే కండ్లే తీస్కపోతది."

"కండ్లు ఇప్పుడే పోతున్నయ్. ఇంగ ఆమె తీస్కపోనీకి ఏం మిగిల్నయ్?"

మా ఇంటాయన ఎడ్లను కట్టాడు. అమ్మవారనుకుని బస్సు ఎక్కనివ్వరని నల్లగొండ దాకా బండిలోనే పోయాము. దారి పొడుగునా పిల్ల ముఖానికి కొంగు అడ్డం పట్టి కూర్చున్నాను.

దవాఖానలో ముసలి డాక్టరు మొదట అడిగిన మాట, "ఏం మందులు మింగిచ్చినవ్?" అని. కొంగు ముడి విప్పాను. మిగిలిన రెండు మాత్రలను అప్పటికీ వదల్లేదు, వెంట తెచ్చాను.

"సల్ఫా," అన్నాడు ఆయన. "ఈ మాత్ర ఈ పిల్ల ఒంటికి పడలే. ఎక్కడనో ఒకరికి గిట్లయితది. ఒంటి మీది పుండ్లు మానుతయ్. కండ్లతోనే తిప్పలు. రెప్పల లోపల పుండు మానుకుంట మానుకుంట రెప్పను గుడ్డుకు అతికిస్తది. గట్టిగ అతికినంక మేము గూడ ఏం చెయ్యలేం."

అతకనివ్వకుండా ఉండడానికి ఒక గాజు పుల్ల ఉంది. దాని కొనలు నున్నగా ఉంటాయి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కన్ను కడిగి, పుల్లకు మలాము రాసి, రెప్ప కింద ఈ మూల నుంచి ఆ మూలకు నడపాలి. పగలంతా రెండు గంటలకోసారి. వార్డు నిండా మంచాలు, నర్సమ్మ ఒక్కతే. నాకు నేర్పమన్నాను.

"చెయ్యి వణికితే గుడ్డు గీసుకపోతది," అన్నది.

"వణకది."

ఆమె నా చేతులు తిప్పి చూసి, "ముందుగాల ఈ గోర్లు తీస్కో," అన్నది.

మొదటిసారి పుల్లకు పాలమీగడ లాంటి పొర చుట్టుకుని వచ్చింది. పిల్ల కాళ్లతో తన్నింది.

"నువ్వు మా అమ్మవు కాదు! పో!"

"కాకుంటే కాకపోతి. కన్ను తెరువు."

ఏడవడానికి నాకు తీరిక లేదు. పుల్లను మరిగే నీళ్లలో వేయడం, తీయడం, చల్లార్చడం, మళ్లీ కన్ను. పక్క మంచాల వాళ్లు నన్ను రాయి అన్నారు. అననిచ్చాను. ఇంటికి వచ్చాక కూడా, డాక్టరు చాలనే దాకా ఆపలేదు. కుడికన్ను తేటపడింది. ఎడమకంటి మీద సన్నటి మంచులాంటి పొర మిగిలింది. ఆ కంటి వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటే చిమటతో పీకడం కూడా నేర్చుకున్నాను.

దవాఖాన నుంచి పంపేటప్పుడే డాక్టరు ఒక చీటి రాసిచ్చాడు. "ఇంకోసారి ఈ మాత్ర కడుపులకు పోతే కండ్లు మిగలయ్. పానం గూడ మిగలకపోవచ్చు. ఏ దవాఖానకు పోయినా ఇది చూపియ్యి." దాంట్లో ఏముందో తెలుగులో చెప్పించుకున్నాను. చీటిని ఎక్కడ దాచాలి? మా ఇంట్లో చెదలు, పైకప్పు కురుస్తుంది. నేను దాచిన మాత్రల కాగితమే కదా పిల్లకు ఇంత పని చేసింది. రేపు పిల్ల నా దగ్గరే ఉంటుందా?

మరుసటేడు పచ్చబొట్లు పొడిచే ఆమె మా ఊరికి వచ్చింది. వీధిబడిలో నేను రెండేళ్లు కూర్చున్నదానికి ఆరోజు ఫలం దక్కింది. పిల్ల ముంజేతి మీద బొగ్గుతో అక్షరాలు రాశాను.

"తేలు పొడుస్త, తులసికోట పొడుస్త. ఇదేం బొమ్మనమ్మా?" అన్నది ఆమె.

"బొమ్మ కాదు. నేను రాసినట్టే పొడువు. ఒక్క గీత తప్పినా నీకు జొన్నలు పెట్ట."

మా అత్త నెత్తి కొట్టుకుంది. పిల్ల మాత్రం సూది వైపే చూస్తూ, "గాజు పుల్ల కంటె ఇదే నయం," అన్నది.

నాలుగేళ్ల తర్వాత దానికి మళ్లీ రక్తవిరేచనాలు పట్టాయి. ఈసారి నార్కట్‌పల్లికే తీసుకుపోయాను. అదే కాంపౌండరు తెల్ల మాత్రల సీసా తీశాడు. నేను నోరు తెరిచేలోపే పిల్ల చెయ్యి చాపింది. అతను వంగి చూశాడు.

"ఇదేందమ్మా! చేతి మీద దేవుని పేరు పొడిపిచ్చుకుంటరు గనీ..."

"చదువు," అన్నాను.

"సల్ఫా వద్దు."

"చదివినవు గదా. ఇంగ ఆ సీసకు మూత పెట్టు."