మా అన్న ఒక్కడి మేళం

మొన్న మధ్యాహ్నం మా మనవడు గది తలుపేసుకుని, చెవులకు డిప్పలు తగిలించుకుని, కంప్యూటరు ముందు పాట కడుతున్నాడు. డప్పు వాడే, గిటారు వాడే, వెనక గుంపుగా పాడేవాళ్ళూ వాడే. "తోడెవరూ లేరేమిరా?" అంటే, "ఎందుకవ్వా, అన్నీ నేనే సేసుకుంటా" అన్నాడు గొప్పగా. లోకంలో తనే మొదట కనిపెట్టినట్టు! నాకు మా పెద్దన్న గుర్తొచ్చి, తింటున్న బొరుగులు పక్కన పెట్టేశాను.

యాభైలలో ఆదోనిలో మా అన్న మాండలిన్ వాయించేవాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఒకాయన, మేము హార్మోనియం అన్న అనేవాళ్ళం, శనివారం భజనకు బస్సులో పెట్టె మోసుకొచ్చేవాడు. ఇద్దరూ వాయిస్తుంటే మా అమ్మ పొయ్యిమీద పప్పు మాడబెట్టేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మా అన్నకేమో ఊరికే ఉండడం చేతకాదు. పాత టెలిఫోను విప్పి, అందులో మాట పట్టే బిళ్ళను మాండలిన్ పొట్టకు అంటించి, తీగ లాగి మైకుసెట్టుకు కలిపాడు. ఆ భజనలో మాండలిన్ వీధి చివరిదాకా మోగింది. జనం ఈలలేశారు. హార్మోనియం అన్న సగంలో పెట్టె మూసి, "నేను వాయించేది నాకే ఇనపడల్యాప్పా. ఇంగ నేనెందుకు?" అని లేచిపోయాడు. కోపం తగ్గితే తనే వస్తాడ్లే అన్నాడు మా అన్న. ఆయన రాలేదు. శనివారం బస్సు వేళకు మా అన్న వీధిలోకి తొంగి చూసేవాడు, మేము చూడనట్టు ఉండేవాళ్ళం.

మద్రాసులో గ్రామఫోను రికార్డు ఇవ్వాలన్నది ఇద్దరి కోరిక. ఎండాకాలం మిల్లు గోడౌనులో పత్తి ఖాళీ అయ్యాక, మా అన్న ఆ మిల్లు సేటును బతిమాలి ఆయన టేపు మిషను ఒకటి, బళ్ళారి నుంచి ఇంకొకటి తెచ్చుకుని ఆ గోడౌనులో చేరాడు. ముందు హార్మోనియం తనే వాయించి టేపులో పట్టాడు. దాన్ని మోగిస్తూ, దాంతోపాటు మాండలిన్ వాయిస్తూ, రెండో మిషనులో పట్టాడు. తర్వాత తాళాలు, డోలక్కు, ఒకదానిమీద ఒకటి. నేను సద్ది తీసుకుపోతే బయటికి పెద్ద మేళమే వినబడేది. తలుపు తోస్తే దూది పోగుల మధ్య మా అన్న ఒక్కడే. నాకు ఏడుపొచ్చింది.

మద్రాసు రికార్డు కంపెనీవాళ్ళు మా అన్న పంపిన ఆ టేపు విని, నిజంగా మేళమే అనుకుని, మొత్తాన్ని తీసుకురమ్మన్నారు. మా అన్న సంబరపడి, మిషనును బస్సెక్కించి, నన్ను వెంటేసుకుని ఎమ్మిగనూరు పోయాడు. పాట వింటే స్నేహితుడు కరిగిపోతాడని మా అన్న నమ్మకం. కరెంటున్న పక్కింటి నుంచి తీగ లాగి, మగ్గం పక్కనే టేపు మోగించాడు. హార్మోనియం అన్న నేత ఆపాడు.

"ఇది నా చెయ్యి గదప్పా! ఎప్పుడు పట్టినావు?" ఆయన ముఖం వెలిగిపోయింది.

"లేదన్నా, నీ మాదిరే నేను వాయించినా. నువ్వు ఆగే సోటే ఆగినా. నువ్వూ రా, మద్రాసుకు పోదాం."

అంతకన్నా ప్రేమగా ఎలా చెప్పాలో మా అన్నకు తెలియదు. హార్మోనియం అన్న చివరిదాకా విన్నాడు.

"బాగుందిప్పా. నేను ల్యాకున్నా నీకు జరుగుతాంది" అని మళ్ళీ మగ్గం గుంటలోకి కాళ్ళు పెట్టాడు.

మా అన్న ఒక్కడే మద్రాసు పోయి, కంపెనీవాళ్ళను ఎలాగో ఒప్పించి ఆ టేపులోని పాటనే రికార్డుగా తెచ్చాడు. తర్వాత అక్కడే ఉండి ఎందరి పాటలో రికార్డు చేసి పేరు సంపాదించాడు. ఎవరినీ విడిగా వాయించనిచ్చేవాడు కాదట, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా కూర్చోవాల్సిందేనట. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రికార్డు ఉంది, మోగుతుంది కూడా. వాళ్ళిద్దరూ కలిసి వాయించింది మాత్రం ఏ మిషనులోనూ ఎవరూ పట్టలేదు. అది విన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను, నాకూ ఈమధ్య చెవులు సరిగా వినబడడం లేదు.