సూదులు

మహదేవపురలో రాళ్లను పరిశోధించే ల్యాబులో చిక్కవెంకటప్ప ముప్పై ఏళ్లుగా రాళ్లు అరగదీస్తున్నాడు. గాజుపలక మీద గరుకుపొడి తడిపి, రాతిముక్కను బొటనవేలితో అదిమి, వెలుతురు దాటేంత పలచనయ్యేదాకా గుండ్రంగా తిప్పుతాడు. ఆ వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. హాజరు మిషను అతన్ని గుర్తుపట్టదు. రాయి అరగదీసే మిషను పక్కనే ఉన్నా దాన్ని ముట్టడు. చేత్తో తిప్పుతున్నప్పుడే, పదేళ్ల కిందట పోయిన భార్య గంగులమ్మ వెనకనుంచి పిలుస్తుంది: "ఏమప్పా, అన్నం తింటివా?" ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు పరిశోధకురాలు మేఘన అతను అరగదీసిన ముక్కను మైక్రోస్కోపులో చూపించింది. కోట్ల ఏళ్లనాటి స్పంజి అనే సముద్రజీవి ఎముకలవి. సన్నటి సూదుల్లా, రంగురంగులుగా మెరుస్తున్నాయి.

"ఎంత బాగుండాదమ్మా! ఒక్కటీ చెదరలేదే."

"షేప్ ఒక్కటే మిగిలింది అంకుల్. అసలు సూది గాజులాంటిది, ఈ లైట్‌లో నల్లగా కనిపించాలి. అదెప్పుడో కరిగిపోయింది. ఆ ఖాళీలో సున్నపురాయి స్ఫటికాలు పెరిగాయి. ఇందులో స్పంజిది ఒక్క రవ్వ కూడా లేదు."

చిక్కవెంకటప్ప వచ్చి పలక ముందు కూర్చున్నాడు. బొటనవేలు తిరగసాగింది. కాసేపటికి వెనకనుంచి పిలుపు వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి మాటను వదిలి గొంతును విన్నాడు.

"ఏమప్పా, అన్నం తింటివా?"

మాటలు గంగులమ్మవే. చివర ఆ సాగదీత కూడా ఆమెదే. గొంతు మాత్రం తనది.