పిల్లి తలుపుకు పదకొండు టెస్టులు

తాను స్వయంగా టెస్టు చెయ్యని వస్తువు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదన్నది మా మామగారి నియమం. ముప్పై నాలుగేళ్లు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. రిటైరై మా ఇంటికొచ్చాక, ఇక్కడ లిఫ్టు లేకపోవడంతో మిగతావాటి మీద పడ్డారు. కొత్త గొడుగు కొంటే ఒంటినిండా బట్టలతో షవరు కింద పది నిమిషాలు నిలబడి చూస్తారు. పరుపు కొందామని తీసుకెళితే దుకాణంలోనే గురకపెట్టి నిద్రపోయారు. వాళ్లు షట్టరు దించే వేళకి లేచి, "ఎడమ పక్కకి తిరిగితే కాస్త గట్టిగా ఉందయ్యా, ఇంకోటి చూపించు" అన్నారు.

నేను ఆయనకి పూర్తిగా తలకిందులు. చేసేశాక ఆలోచిస్తాను. మా ఇంటికి పిల్లి తలుపు అవసరం పడింది కూడా నా ఈ గొప్ప గుణం వల్లే.

మా పిల్లిని అందరం దొరసాని అంటాం. ఒకరోజు నేను ఫోన్లో ఎవరికో జాగ్రత్తలు చెబుతూ, వంటింటి పెరటి తలుపుని మడమతో వెనక్కి తన్నాను. తలుపుకీ గుమ్మానికీ మధ్య దొరసాని తోక ఉంది. డాక్టరు కట్టు కట్టాడు, గాయం మానింది, తోక చివర రెండంగుళాలు మాత్రం వంకర తిరిగిపోయింది. అప్పట్నించి నా నీడ పడితే చాలు, బీరువా కిందకి దూరిపోతుంది. పెరట్లోంచి లోపలికి రావాలని అరుస్తుంది, తీరా నేను తలుపు తీస్తే ఎగిరి గోడెక్కుతుంది.

"నువ్వు తియ్యకు నాన్నా. అమ్మ తీస్తే అదే వస్తుంది," అంది మా తొమ్మిదేళ్ల అమ్మాయి, నా వైపు చూడకుండా.

నిజం చెప్పొద్దూ, చాలా బాధేసింది. ఎవరూ తియ్యక్కర్లేకుండా, అదే మూతితో తోసుకుని వచ్చే చిన్న తలుపు ఒకటి పెరటి తలుపుకే కింద పెట్టేస్తే నా పాపం పోతుందనుకున్నాను.

కొనడానికి మామగారిని వెంట తీసుకెళ్లడం నా మొదటి పొరపాటు. దుకాణంలో నాలుగు రకాలున్నాయి. నేను బ్యాటరీతో నడిచేది చేతిలోకి తీసుకున్నానో లేదో, ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, బల్ల మీదున్న మామూలు తలుపుని ముక్కుతో తోయడం మొదలుపెట్టారు.

"చేత్తో చూడండి మామయ్యగారూ, అందరూ చూస్తున్నారు."

"పిల్లి చేత్తో తోస్తుందా అల్లుడుగారూ?"

నాలుగింటినీ ముక్కుతోనే తోశారు. అది చాలక నాలుగోదాంట్లో తల కూడా పెట్టారు. తల వెళ్లింది గానీ వెనక్కి రాలేదు. దుకాణంవాడు చెవులకి సబ్బు రాసి బయటికి లాగుతూ, "మీ పిల్లి ఏ సైజండీ?" అని నన్నడిగాడు. నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి మామూలుదే కొన్నాం.

రెండో పొరపాటు పూర్తిగా నా సొంతం. వడ్రంగిని పిలుద్దామంది మా ఆవిడ. ఈమాత్రం దానికి వడ్రంగి ఎందుకని, పెరటి తలుపుని బందుల నుంచి ఊడదీసి, రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, పెన్సిలుతో గీతలు గీసి, శుభ్రంగా కోశాను. అంత చక్కటి కన్నం నేను జన్మలో కొయ్యలేదు. తలుపు మళ్లీ నిలబెట్టి బిగించాక చూస్తే, అది సరిగ్గా నా మొహానికెదురుగా ఉంది. కింద వైపనుకుని పై వైపు కోశాను.

"దొరసానికి నిచ్చెన కూడా కొంటావా నాన్నా?" అంది అమ్మాయి. తోక సంగతి జరిగాక అది నాతో వేళాకోళం ఆడడం అదే మొదలు, అందుకని తిట్టబుద్ధి కాలేదు.

వడ్రంగి వచ్చాడు, నవ్వు ఆపుకోకుండానే పై కన్నానికి చెక్క కొట్టి, కింద ఇంకో కన్నం కోసి పిల్లి తలుపు బిగించి వెళ్లాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"టెస్టు కావద్దూ?" అన్నారు మామగారు.

మర్నాడు సాయంత్రం నుంచి మొదలైంది. నేను వంటింట్లో నేల మీద బోర్లా పడుకుని, ఉడికించిన చేపముక్క అరచేతిలో పెట్టుకుని, పిల్లి తలుపు ముందు చెయ్యి చాచాలి. పిల్లికి బిచ్చం పెట్టనివాడని ఆఫీసులో నాకు పేరు. అలాంటి నేను! ఆయన పక్కన స్టూలు వేసుకుని, నోటుపుస్తకం తెరిచి కూర్చునేవారు. దొరసాని బయటినుంచి పిల్లి తలుపు రేకుని మూతితో కాస్త తోసి, నన్ను చూసి, వెనక్కి వెళ్లిపోయేది. రోజూ ఇదే తంతు.

"మధ్యాహ్నం మీరు లేనప్పుడు దర్జాగా తిరుగుతోందండీ," అంది మా ఆవిడ.

"చూశారా! ఇంకెందుకు మామయ్యగారూ? లిఫ్టుని కూడా ఇన్ని రోజులు టెస్టు చెయ్యరు."

"లిఫ్టులో ఎక్కేది మనుషులేగా. కదలకండి."

అయిదోరోజు తుమ్మాను, అది పారిపోయింది. ఏడోరోజు ముక్క లాక్కుని పరిగెత్తింది. తొమ్మిదోరోజు నా ఎదురుగానే తింది గానీ, కళ్లు నా మడమ మీదే ఉన్నాయి. పదకొండోరోజు తినేసి, అరచెయ్యి నాకి, నా మోచేతికి తల రాసి, పక్కలో ముడుచుకుని పడుకుంది. వంకర తోక నా మణికట్టు మీద పడింది. ఊపిరి గట్టిగా పీల్చుకోవడానికి కూడా భయమేసింది. ఇంత సంతోషం ఒక పిల్లి వల్ల కలుగుతుందని నాకు తెలియదు.

"టెస్టు పూర్తయింది," అని మామగారు పుస్తకం నా పక్కన పెట్టారు.

పడుకునే తెరిచాను. "తలుపు: మొదటిరోజే పాస్. పిల్లి: మొదటిరోజే పాస్." ఆ కింద వరసగా నా గురించే ఉంది. "అల్లుడుగారు: ఫెయిల్. చెయ్యి వణికింది." "ఫెయిల్. తొందరపడ్డారు." "ఫెయిల్. తుమ్మారు."

"తలుపు పాసైతే నన్నెందుకండీ పదకొండు రోజులు నేల మీద పడేశారు?"

"వెళ్లి పిల్లితో సమాధానపడండి అంటే మీరు పడేవారా? నవ్వేవారు. టెస్టన్నాను, పడుకున్నారు." ఆయన స్టూలు మీంచి లేచారు. "చివరి పేజీ కూడా చూడండి. సాక్షి సంతకం లేనిదే నా రిపోర్టు చెల్లదు."

అంటే ఇన్ని రోజులూ చాటు నుంచి ఇంకొకరు కూడా చూస్తున్నారన్నమాట. చివరి పేజీలో పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: "మా నాన్న పాస్. మంచివాడే. ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండాలి."