మా ఆయన ఫోనులో నడిపిన హోటలు

మా ఆయన రెండో హోటలు పెట్టాడని నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిది నాది. కుందుర్పికి పోయే తారు రోడ్డు పక్కన, రేకుల కింద నాలుగు బెంచీలు వేసి నేను నడిపినది. రెండోది మా అమ్మాయి వాడి వదిలేసిన ఫోనులో ఉంది. అద్దం ఒక మూల పగిలిన ఆ ఫోనులో, వేలితో ఆడే ఒక ఆటలో, మా ఆయన హోటలు యజమాని. అక్కడ ఆయనే వండుతాడు, ఆయనే వడ్డిస్తాడు, ఎంగిలి పళ్లేలు కూడా ఆయనే తీస్తాడు. నా హోటల్లో మాత్రం తాగిన గ్లాసు తాగినచోటే వదిలేసేవాడు.

తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే నేను బాగా అలసిపోయి ఉన్నాను. పడుకుని లేస్తే పోయే అలసట కాదు అది. పొద్దున్నే బొరుగులు తడిపి ఉగ్గానికి తాలింపు వెయ్యడంతో మొదలైతే, పక్కనే బజ్జీలు, ఆ తర్వాత పప్పు, మధ్యాహ్నానికి రాగి సంగటి, దాంట్లోకి ఊరుబిండి పచ్చడి, సాయంత్రం టీలు, మధ్యమధ్యలో గిన్నెలు. సంగటి గెలకడమంటే మాటలా? కట్టెతో తిప్పి తిప్పి భుజం నుంచి మెడదాకా పట్టేసేది. అన్నీ అయ్యాక బెంచీ మీద కూలబడితే, లేవడానికి ఎవరన్నా చెయ్యిస్తే బాగుండనిపించేది. ఇచ్చేవాళ్లెవరు? ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ వెనక గదిలో గోడకానుకుని ఫోనులో పుట్టగొడుగుల పులుసు కాస్తున్నాడు.

అలాగని ఆయన మొదటి నుంచీ సోమరి కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, మా ఊళ్లో ఆయనంత కష్టం చేసే మనిషిని నేను చూడలేదు. మాకు చీనీ తోట ఉండేది, అదే బత్తాయి తోట. చెట్లు కాపుకొచ్చే వేళకు బావిలో నీళ్లు అడుగంటాయి. బావి లోతు చేయించాడు. కూలోళ్లతో పాటు తనూ దిగి గడ్డపార వేశాడు. మళ్లీ లోతు చేయించాడు. ఆ అడుగున బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రోజూ దిగడం, రోజూ ఒట్టి చేతులతో పైకి రావడం. చెట్లు నిలువునా ఎండిపోయాయి. చివరికి తనే గొడ్డలి పట్టుకుని కొట్టేశాడు. ఆ కట్టెలు బయట అమ్మబుద్ధి కాక తెచ్చి హోటలు వెనక వేశాడు. చాలా రోజులు నా పొయ్యిలో అవే మండాయి.

ఆ తర్వాత కొన్నాళ్లు హోటల్లో నాకు తోడుగా ఉన్నాడు. బిందెలు మోసేవాడు, వడ్డించేవాడు. ఒకరోజు మధ్యాహ్నం, జనం తింటుండగానే, పప్పు గిన్నె బెంచీ మీద పెట్టేసి వెనక గదిలోకి పోయాడు. అంతే, మళ్లీ ముందుకు రాలేదు. ఏమైందని అడిగితే పలకడు. తిట్టినా పలకడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడంటారు చూడండి, అలా. మా తోట సంగతి తెలిసినవాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు గానీ, నాకు ఇంకో మాట తోచడం లేదు.

మా అమ్మాయి అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవుకు వచ్చినప్పుడల్లా తండ్రిని చూసి దిగులు పడేది. మనసు మళ్లుతుందని పాత ఫోనులో ఆ ఆట పెట్టిచ్చింది. ఆటంతా బొమ్మలే. ఒక చిన్న హోటలు, దాని వెనక నేల కిందికి దిగే గుహ. పగలు గుహలోకి దిగాలి. కాళ్లున్న పుట్టగొడుగులు, పెద్ద పెద్ద ఎండ్రకాయలు మీదికొస్తాయి. వాటిని కత్తితో కొట్టి సంచిలో వేసుకుని పైకి రావాలి. సాయంత్రం వాటితోనే వండి, వచ్చినవాళ్లకు పెట్టాలి. కింద ఒక అంతస్తు దాటితే ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. అమ్మాయి దాన్ని గుహ అనే చెప్పింది. ఆయన మాత్రం బావి అన్నాడు. కిందికి దిగేది ఏదైనా ఆయనకు బావే.

మొదట్లో ఆయన ఆట సాగలేదట. సంచిలో పట్టేది కొంచెమే. మొదటి అంతస్తులోనే ఒక వాగు ఉంది. ఆయన అక్కడ ఆగి, ఉన్న కడవలన్నీ నీళ్లతో నింపి సంచిలో వేసుకునేవాడు. ఇంక పుట్టగొడుగుకు చోటెక్కడ? సాయంత్రం హోటలు తెరిస్తే పెట్టడానికి ఏమీ ఉండదు, ఉత్త నీళ్లు తప్ప. అమ్మాయి పడీపడీ నవ్వి, హోటల్లో కొళాయి ఉంది నాయనా, అందులో నీళ్లు ఎప్పటికీ అయిపోవని చెప్పింది. ఎప్పటికీ అయిపోని నీళ్లు యాడుంటాయే అని ఆయన నమ్మలేదు. ఇందులో మాత్రం ఆయన్ని తప్పు పట్టను. నీళ్లొచ్చినప్పుడు చెంబుతో సహా నింపి పెట్టుకోకపోతే మా వైపు ఏ ఇల్లూ గడవదు. నేనైనా అదే చేసేదాన్ని.

కానీ ఆ వేసవిలో నా ఓపిక అయిపోయింది. రేకుల కింద పొయ్యి ముందు నిలబడితే కళ్లు తిరిగేవి. ఒకరోజు సంగటి కుండ దించుతూ చెయ్యి పట్టు తప్పి సగం నేలపాలు చేశాను. ముందు బెంచీల మీద జనం ఆకలితో కూర్చున్నారు. వెనక గదిలోంచి ఆ ఆట సంగీతం, టింగుటింగుమని, ఎంత ప్రశాంతంగా వినిపించిందో! తలుపు దగ్గరికి పోయి నిలబడి చెప్పేశాను. బెంగుళూరులో మా చెల్లెలు గార్మెంట్సులో పని చూపిస్తానంటోంది, కూర్చుని కుట్టే పని. ఒక్కదాన్ని ఈ హోటలు నడపలేను. నువ్వు ముందుకొచ్చి చెయ్యి వేస్తే సరి, లేదంటే అమ్మాయికి మళ్లీ కాలేజీ తెరిచేలోగా మూసేసి పోతా, నువ్వూ నీ పుట్టగొడుగులూ ఉండండి అన్నాను.

ఆయన ఫోను పక్కన పెట్టాడు. పోవద్దని అనలేదు, వస్తాననీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ పోయి కింద పడిన సంగటి ఎత్తాను.

నిజం చెప్పాలంటే ఆ హోటలు మూయాలని నాకు లేదు. నా రెక్కల కష్టంతో లేచిన హోటలు అది. మేకలు తోలుకుపోయేవాళ్లు, కరువు పనికి పోయే ఆడవాళ్లు, బస్సు కండక్టరు, అందరూ హోటలక్కా అని పిలిచేవాళ్లు. నేను ఎవరి కోడల్నో, ఎవరి పెళ్లాన్నో ఎవరికీ పట్టేది కాదు. ఆ పిలుపు వింటే కాళ్ల నొప్పి కాస్త తగ్గినట్టుండేది. మనిషికి అదొక బలం.

తర్వాత ఒక ఆదివారం ఆయన క్షవరానికి పోయాడు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక బెంచీ మీద కూర్చుని, ఏముందో చూపించవే ఆ మాయదారి ఆటలో అని అమ్మాయిని అడిగాను. చూపించింది. బావిలోకి దిగాను. దిగీ దిగకముందే ఎండ్రకాయ కొట్టింది, పడిపోయాను. సంచిలో ఉన్నదంతా పోయింది. చచ్చిపోయానా అని అడిగితే, లేదమ్మా, పడితే మన మంచంలోనే నిద్ర లేస్తామని చెప్పింది. నిజంగానే బొమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఎందుకు పడ్డావని, ఏం పోగొట్టుకున్నావని అడిగే దిక్కు లేదు.

సాయంత్రం హోటలు కూడా నేనే తెరిచాను. ఒక సిపాయి, ఒక ముసలమ్మ, టోపీ పెట్టుకున్న ఒక పిల్లి వచ్చాయి. రోజూ ఇంతమందికి వండే నేను ఆ బొమ్మ పొయ్యి మీద అన్నీ మాడగొట్టాను. పిల్లికి కోపమొచ్చింది, ముఖం ఎర్రగా చేసుకుని లేచిపోయింది. నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. ఇంక అది రాదేమో అన్నాను. అమ్మాయి నవ్వింది. తెల్లారినట్టు చూపించి మళ్లీ హోటలు తెరిస్తే అదే పిల్లి నవ్వుతూ వచ్చి అదే చోట కూర్చుంది. నిన్నటి సంగతి దానికి గుర్తే లేదు.

అప్పుడే ఆయన వచ్చి నిలబడ్డాడు. నా చేతిలో ఫోను చూసి ముఖం అదోలా పెట్టాడు. అమ్మాయి లేచి లోపలికి పోయింది. కొన్నాళ్లుగా నాలుక చివర ఉన్నది అడిగేశాను.

"ఆ పిల్లికి పెట్టే చెయ్యి ఈడ మనుషులకు పెట్టేదానికి రాదా?"

కొత్తగా క్షవరం చేయించుకున్న మెడ తడుముకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆడికొచ్చేటోళ్లకు నేనెవురో తెల్దు."

అప్పుడు చెప్పాడు, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో. పప్పు వడ్డిస్తుంటే, మా పక్క చేను ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ, ఏమప్పా, నీ చీనీకాయలు తినే రాత లేకపోయినా నీ చీనీకట్టెల మీద ఉడికిన పప్పు తింటాండాంలే అన్నాడట. బెంచీల మీద ఉన్నవాళ్లంతా నవ్వారట. ఆ నవ్వు నేనూ లోపల విన్నాను, ఏ మేకల సంగతో అనుకున్నాను. ఆ మాట అన్నాయన చెడ్డవాడు కాదు. తన చేను ఎండిపోయినప్పుడు కూడా అలాగే నవ్వించాడు. మా వైపు మాట అంతే, మొహం మీదే అనేస్తారు, మర్చిపోతారు. ఈయన మాత్రం మర్చిపోలేకపోయాడు.

ఒక్క మాటకా ఇన్నాళ్లు నన్ను ఎద్దులా చాకిరీ చేయించావని కోపమొచ్చింది. ఆయన మెడ మీద అంటుకున్న వెంట్రుకలు చూస్తే జాలేసింది. కోపమూ జాలీ కలిపి మొయ్యాలంటే నా వల్ల కాలేదు. అరవడానికి కూడా ఓపిక లేదు. వచ్చి పక్కన కూర్చోమన్నాను, కూర్చున్నాడు.

"నువ్వెవురో తెలియనిచోట హోటలు పెడితే వడ్డిస్తావా?" అని అడిగాను.

"వండేది నువ్వేనా?"

"నేను గాక ఇంకెవురు?"

"అయితే వడ్డిస్తా."

అంత చిన్న మాట. దానికోసం నా హోటలు మూసేశాను. చివరి రోజు ఎవరికీ సరిగా చెప్పలేదు. అయినా తెలిసిపోయింది. మేకలు కాచే ముసలామె తినేసి చెయ్యి కడుక్కుని, ఇంక మేం యాడ తినాల హోటలక్కా అని అడిగింది. ఏం చెప్పను? ఇంకొంచెం ఊరుబిండి ఆకులో కట్టిచ్చాను. పక్క చేను ఆయన బెంచీలు ట్రాక్టరులోకి ఎక్కించడానికి చెయ్యి వేశాడు. మా ఆయన అవతలి కొస పట్టుకున్నాడు.

ఇప్పుడు హిందూపురం అవతల, ఫ్యాక్టరీల గేటు ఎదురుగా ఉన్నాం. అవే రేకులు, అవే బెంచీలు. వచ్చేవాళ్లలో సగంమందికి తెలుగు రాదు. ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చినవాళ్లు, షిఫ్టు మారగానే వచ్చిపడతారు. మా ఆయన ముందుంటాడు. ఏం కావాల అని కన్నడంలో అడుగుతాడు, రాని హిందీలో అడుగుతాడు, అదీ కాకపోతే చేత్తో చూపిస్తాడు. ఆయన గొంతు అంత పెద్దదని పెళ్లయిన కొత్తలో విన్నాను, మళ్లీ ఇప్పుడు వింటున్నాను. ఫోను బియ్యం డబ్బా మీద పడి ఉంటుంది, మా అమ్మాయి ఫోను చేస్తే తప్ప ముట్టుకోడు.

సంతోషమా అంటే సంతోషమే. కానీ నా సంగతి ఎవరికీ పట్టలేదు. ఇక్కడ నన్ను పిలిచేవాళ్లు లేరు. తడిక వెనక పొయ్యి దగ్గర ఉంటాను, నా సంగటి ముందుకు పోతుంది, ఖాళీ పళ్లెం వెనక్కి వస్తుంది. తిన్నవాళ్లు బాగుందని ఆయనకు చెబుతారు. మెడ నొప్పి అలాగే ఉంది. ఎవరో తెలియనిచోటికి ఆయన్ని తీసుకొచ్చాను గానీ, అదే బస్సులోంచి నేనూ దిగానని అప్పుడు తట్టలేదు. కొన్ని మధ్యాహ్నాలు కట్టె అవతల పారేసి మా ఊరి బస్సు ఎక్కేద్దామా అనిపించేది.

మొన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు, మన తెలుగువాడే. సంగటి మారు అడిగి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ మా ఆయన్ని అడిగాడు.

"అన్నా, వంటకు పెట్టుకున్న ఆయమ్మది యావూరు?"

నా చెయ్యి ఆగిపోయింది. తడిక సందులోంచి చూశాను. మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి బెంచీ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. బెంచీల మీద జనం నిండుగా ఉన్నారు. అందరికీ వినబడేలాగే చెప్పాడు.

"పెట్టుకునేదానికి నేనెవురన్నా? హోటలు ఆమెది. నా తోట ఎండిపోతే ఇన్నాళ్లూ కూడు పెట్టింది ఆమె. నేనీడ పనికుండేటోన్ని."

డ్రైవరు అట్లనా అని తల ఊపి పోయాడు. మా ఆయన ఇంకో బెంచీ తుడవడానికి పోయాడు. నేను కట్టె పట్టుకుని పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయాను. ఆ మాట మా ఊళ్లో, మమ్మల్ని ఎరిగినవాళ్ల ముందు ఒక్కసారి అని ఉంటే, నేను ఊరు విడిచేదాన్నే కాదు.