రింగుతో పాటు వెనక్కి పోయే చెయ్యి

ఏలూరులో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా కాలేజీ ఆడపిల్లలకున్న ఒకే ఒక్క ఆట టెన్నికాయిట్. నెట్టుకు అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగు విసురుకోవడం. నేనూ నా స్నేహితురాలూ ఒక జట్టు. ఎంత జోరుగా వచ్చిన రింగునైనా తను పట్టేసేది. నా చేతికి తగిలిందంటే టప్పున ఎగిరి కింద పడేది. వేళ్లు వాచిపోయేవి.

తాడేపల్లిగూడెంలో పోటీ దగ్గర పడుతుండగా, ఫిజిక్సు మాస్టారు ఇంపల్స్ పాఠం మొదలుపెట్టారు.

"వచ్చే వస్తువును ఆపాలంటే దాని ద్రవ్యవేగమంతా పోవాలి. అందులో బేరం లేదు. ఎంతసేపట్లో పోగొట్టాలన్నది మాత్రం మీ ఇష్టం. టక్కున ఆపితే పెద్ద బలం కావాలి. కాస్త ఎక్కువసేపు తీసుకుంటే చిన్న బలం చాలు. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేదే ఇంపల్స్. అది రెండు చోట్లా ఒకటే."

నాకు వెంటనే మా రింగు గుర్తొచ్చింది. అడక్కుండానే లేచి నిలబడ్డాను.

"మాస్టారండీ, అయితే రింగుతో పాటు చెయ్యి కూడా వెనక్కి పోనివ్వాలాండీ?"

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం "అదేనమ్మా! వెళ్లి చేసి చూడండి" అన్నారు.

సాయంత్రం దాకా ఆగడం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం ఎండలోనే నేనూ నా స్నేహితురాలూ కోర్టుకు పరుగెత్తాం. రింగు తగలగానే చెయ్యి వెనక్కి పోనిచ్చాను. నిలిచింది! మళ్లీ వెయ్యమన్నాను. మళ్లీ నిలిచింది!

"ఒసేయ్, విసిరేటప్పుడూ అంతేగా! అదే బలంతో ఎక్కువసేపు తోస్తే ఎక్కువ జోరు రావాలిగా!" అని అరిచింది నా స్నేహితురాలు. చెయ్యి బాగా వెనకనుంచి తెచ్చి వదిలింది. రింగు నా చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఇద్దరం గంతులేశాం.

తాడేపల్లిగూడెంలో మొదటి ఆట ఓడిపోయాం. ఉత్సాహం కొద్దీ నేను చెయ్యి భుజం వెనక్కి లాగేస్తుంటే, రింగు పట్టి ఉంచుకుంటున్నానని అంపైరుగారు ఫౌల్ ఇచ్చారు.

"ఏవండీ, అది ఫిజిక్సండీ!" అన్నాను.

"అవ్వచ్చమ్మా. ఇక్కడ రూల్సు కూడా ఉన్నాయి" అన్నారావిడ.

"జానెడు చాలే" అని స్నేహితురాలు నా చెవిలో చెప్పింది. జానెడే లాగాను. సరిపోయింది. రెండో ఆట గెలిచాం. మూడోదాంట్లో చివరి పాయింటుకు రింగు సూటిగా నా ముఖం మీదికే వచ్చింది. కళ్లు మూసుకోలేదు. పట్టి, ఆ చేత్తోనే విసిరాను. నెట్టు దాటి అవతలివాళ్లిద్దరి మధ్యా పడింది.

తిరుగు రైల్లో ఆడవాళ్ల పెట్టెలో మా మాటలకు అంతే లేదు. ఏలూరు వస్తుండగా, "బీయెస్సీలో ఫిజిక్సే తీసుకుంటానే" అన్నాను.

"మీ నాన్నగారితో ఎవరు చెబుతారు?"

"నేనే!"

ఇంటికి వెళ్లీ వెళ్లగానే, గుమ్మంలోనే చెప్పేశాను. నాన్నగారు పేపరు పక్కన పెట్టి, "సరేలే, ముందు గెలిచారో లేదో చెప్పమ్మా" అన్నారు.