వంతెన మీద ఆపిన సైకిళ్లు

నా చిన్నప్పుడు మా నాన్న రేపల్లె దగ్గర ఒక ఊళ్లో కానిస్టేబులు. ఆ వేసవిలో పొలాల్లో ఆయిలింజన్ల సామాన్లు పోతున్నాయని ఆయన్ని కాలువ వంతెన దగ్గర కాపలా పెట్టారు. అనుమానంగా ఉన్న మూటలు విప్పించి చూడాలి.

పక్కింటి అక్క యూనివర్సిటీలో చదివేది. పోలీసులు ఎవరిని ఆపుతారు, ఎవరిని ఆపరు అన్నదాని మీద పరిశోధన చేస్తూ, నాన్నకి ముందే చెప్పి, వంతెన పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చునేది. తోడుగా వెళ్లిన నాకు నోటుపుస్తకం ఇచ్చి, మూటలతో వచ్చేవాళ్లు ఎటు నుంచి వచ్చారో, నాన్న ఆపాడో లేదో రాయమంది.

"మా నాన్న దొంగల్ని చూడగానే పసిగట్టేస్తాడక్కా" అన్నాను గర్వంగా.

"సరే, రాయి" అంది.

ఊరి వైపు నుంచి రెండు బస్తాలతో ఒక ఆసామి స్కూటరు వచ్చింది. నాన్న నమస్కారం పెట్టి వదిలేశాడు. వెనకే పేట వైపు నుంచి ఒక సైకిలు వచ్చింది. పేటలో ఉండేది కూలిపనుల వాళ్లు, దళితులు.

"ఏయ్, దిగు. మూట విప్పు" అన్నాడు నాన్న.

తాడు విప్పుతుంటే బియ్యం రోడ్డు మీద ఒలికిపోయాయి. సైకిలాయన తలెత్తి, "నేనండి, మీ అమ్మాయికి లెక్కలు చెప్పే మాస్టార్ని" అన్నారు. నేను బల్ల వెనక దాక్కున్నాను.

ఆ సాయంత్రం అక్క పుస్తకం తెచ్చి నాన్న చేతికిచ్చింది. "తప్పులు పట్టడానికి కాదు బాబాయ్, ఒక్కసారి చూడండి." ఆపినవన్నీ పేట సైకిళ్లే. నాన్న నా చేతిరాతని చాలాసేపు చదివాడు. నన్ను కసురుకుంటాడని భయపడ్డాను.

"అందరినీ ఒకేలా చూస్తున్నాననే అనుకున్నానమ్మా" అన్నాడు చివరికి.

మర్నాటి నుంచి ఆయన వచ్చిన ప్రతి మూటనీ వరసగా విప్పించాడు. ఆసామి స్కూటరు కూడా ఆగింది. వారం తిరక్కుండా బాపట్లకి బదిలీ అయింది. అమ్మ సామాన్లు సర్దుతూ రుసరుసలాడింది. నాన్న మాత్రం నన్ను వెంటబెట్టుకుని పేటలో మాస్టారింటికి వెళ్లి, "తప్పయిపోయిందండి" అన్నాడు. మాస్టారు కాసేపటికి కుర్చీ వేసి, టీ తెప్పించారు. నాన్న తాగాడు.

తర్వాత నేనూ ముప్పై ఏళ్లు టీచరుగా చేశాను. క్లాసులో ఏదైనా వస్తువు పోతే హెడ్మాస్టరు పిల్లల సంచులు వెతకమనేవారు. నా చూపు ముందుగా ఎవరి మీద పడిందో నాకు తెలిసేది. అప్పుడు ఆగి, ఎవరి మీద అసలు పడలేదో చూసుకునేదాన్ని. ఈ వయసులోనూ ఆ అలవాటు పోలేదు.