అటుది ఇటు పెట్టింది నేనే

మా ఆఫీసులో ఈ కథను ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కొత్తగా ఎవరైనా చేరితే చాలు, టీ గ్లాసు చేతికిచ్చి మొదలుపెడతారు. పూజంటే గిట్టని ఒక ఆపరేటరమ్మ పక్క సీటు సారు కంప్యూటర్‌ను చెడగొట్టిందట, చేతిలో వస్తువుతో దొరికిపోయిందట, ఆమెను ఘనపూర్‌కు తోలేశారట. ఆ పక్క సీటు సారు నేనే. ఘనపూర్‌కు పంపిన మాట నిజం. ఆమె చెడగొట్టిందన్న మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నా నోరే కనుక నేనే చెప్పాలి.

మహబూబాబాద్‌లో మాది చిన్న ఆఫీసు. నా టేబుల్‌కూ ఆమె టేబుల్‌కూ మధ్య ఒక బీరువా అడ్డం. ఒకరి తెర ఒకరికి కనిపించదు. ఇద్దరికీ ఒకే రకం వైర్‌లెస్ కీబోర్డు, మౌసు ఇచ్చారు. ఒక్కో జతకు గోరంత రిసీవర్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చాలి. ఏ జత రిసీవర్ ఆ జత మాటే వింటుంది. అప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు.

దసరా సెలవులకు ముందు ఆఫీసులో ఆయుధపూజ చేశాం. కీబోర్డులు, మౌసులు, రిసీవర్లు అన్నీ పీకి, తుడిచి, తువ్వాల మీద పరిచి బొట్లు పెట్టాను. ఆమె క్రైస్తవురాలు. తలుపు దగ్గర నిలబడి, "నాకు బొట్టొద్దు గని, తుడిచేటివి ఉంటే ఇయ్యన్నా, తుడుస్త" అంది.

"నువ్వు ముట్టకు" అన్నాను.

పూజయ్యాక అన్నీ నా చేతులతో నేనే తిరిగి పెట్టాను.

సెలవులయ్యాక వచ్చి చూస్తే నా కీబోర్డు పలకలేదు, మౌసు కదల్లేదు. బ్యాటరీలు మార్చాను. మౌసును ప్యాంటుకు రుద్దాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. రిసీవర్ పీకి పక్క రంధ్రంలో గుచ్చాను. లాభం లేదు. చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం తెర మీద బాణం దానంతటదే పరుగెత్తేది. బీరువా అవతలి నుంచి ఆమె అంది: "అన్నా, నేను కొట్టింది వడ్తలేదు. కొట్టనిది వడ్తుంది."

"నాటకాలు బంద్ చెయ్" అన్నాను.

టీ తెచ్చిన అటెండరు, "పూజ కాడ మొఖం తిప్పుకున్నోళ్ల పని గిట్లనే ఉంటది సారూ" అన్నాడు. ఆ మాట నాకు తియ్యగా తగిలింది.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఆమె నా కంప్యూటర్ వెనక వంగి ఉంది. చేతిలో నా రిసీవర్. తెర మీద ఉండాల్సిన నా రిపోర్టు లేదు.

"ఏం జేస్తున్నవ్?"

"గివి రెండు తారుమారైనయేమో అన్నా. నాది దీంట్ల పెట్టి చూస్త, జర ఆగు."

చేతిలోంచి గుంజుకుని మళ్లీ నా కంప్యూటర్‌కే గుచ్చాను. "నాకు నేర్పుతవా? నా రిపోర్టు ఏడ పెట్టినవ్? దొంగ మొఖందానా" అన్నాను. ఎంగిలి చేతులతోనే అందరూ వచ్చి నిలబడ్డారు.

ఆఫీసరు నా మాటే విన్నాడు. "సారూ, ఒక్కసారి మార్చి చూడుండ్రి" అని ఆమె బతిమాలింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆమెను ఘనపూర్‌కు బదిలీ చేశాడు. ఆమె గార్ల నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేది. ఘనపూర్‌కు అలా కుదరదు. చిన్న కూతురిని తల్లి దగ్గర వదిలి, అక్కడ గది తీసుకుంది.

ఆమె సీట్లో కొత్త ఆపరేటర్ కూర్చుని మౌసు కదిపాడు. నా తెర మీద బాణం కదిలింది. అతను ఆపితే ఆగింది. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు రెండు రిసీవర్లూ మార్చాను. రెండూ పనిచేశాయి. ఆమె కూడా తన కంప్యూటరే అనుకుని నొక్కిన మీటలకు నా రిపోర్టు పోయి ఉంటుంది. అడిగినవాళ్లతో "కంపెనోడు వచ్చి బాగుచేసిండు" అన్నాను. మొదటిది తెలియక చేసిన పని. ఇది తెలిసి చేసింది.

చాలా ఆలస్యంగా ఘనపూర్ వెళ్లి ఆమెకు చెప్పాను. కూర్చోమనలేదు.

"నేను జెయ్యలేదని నాకు తెల్వదా అన్నా? నలుగుర్ల దొంగ అన్నవ్, ఈడికొచ్చి చెవుల చెప్తున్నవ్. ఇంటికి వోతే నా బిడ్డ అమ్మమ్మ ఎనక దాక్కుంటుంది. వోయి ఆ నలుగురికి చెప్పు. నన్ను తోలినాయనకు చెప్పు."

ఆఫీసులో అందరి ముందూ చెప్పాను. "పోనీ తియ్యి సారూ, ఆమె గూడ ఏం తక్కువది గాదు" అన్నాడు అటెండరు. మిగతావాళ్లు తలలూపారు.

అప్పటి ఆఫీసరు ఇప్పుడు జనగామలో ఉన్నాడు. అక్కడికీ వెళ్లాను. అంతా విని, "ఆ సీట్ల వేరే మనిషున్నడు. ఇప్పుడు తవ్వి ఏం జేస్తవ్?" అన్నాడు.

"మరి ఆమె సార్?"

"ఇన్నొద్దులకు అలవాటు వడ్డది గదా."

"వడలేదు సార్" అన్నాను. ఆయన అప్పటికే ఫోను చూసుకుంటున్నాడు.

ఆమె ఇంకా ఘనపూర్‌లోనే ఉంది.